సాంబుడు చేసిన పాపమేమిటి?

"నానేటి పాపం సేసినాను బావూ?" అని అడిగితే చెప్పడానికి ఉద్యోగం నాకొక జవాబు ఇచ్చింది. పాపం లేదు, శాపం లేదు, ఇదొక సూక్ష్మజీవి, మాత్రలు మింగితే పోతుంది. టెక్కలి, నందిగాం, పలాస, వజ్రపుకొత్తూరు ఊళ్ళల్లో కుష్ఠు నివారణ పనిలో తిరిగినన్నాళ్ళూ ఆ మాటే చెప్పాను. అందులో అబద్ధం లేదు. అయితే అడిగినవాళ్ళ ముఖంలో ఆ జవాబుతో ఏ మార్పూ వచ్చేది కాదు. ఇంత ఊరుండగా ఇది నన్నే ఎందుకు పట్టుకుంది, దేవుడికి నా మీద ఏం పగ అన్నది వాళ్ళ బాధ. దానికి మాత్రల చీటీ మీద సమాధానం ఉండదు. ఇప్పుడు ఉద్యోగం అయిపోయింది. నేను దేవుణ్ణి నమ్మేవాణ్ణి, ప్రతి కార్తీక సోమవారం రావివలస వెళ్ళేవాణ్ణి. కాబట్టి ఆ ప్రశ్న నాది కూడా. ఆ సూక్ష్మజీవి ఒంట్లో చేసే పనినీ మనం పాపపుణ్యాల గురించి చెప్పుకునే మాటల్నీ ఎదురెదురుగా పెట్టి చూస్తే ఏం తేలుతుందో రాస్తాను.

మా జిల్లాలో ఒంటి మీద మచ్చ కనిపిస్తే మొదట తలిచేది సూర్యుణ్ణే. శ్రీకాకుళాన్ని ఆనుకుని అరసవల్లి ఉంది. కళింగ గాంగరాజు దేవేంద్రవర్మ ఏడో శతాబ్దంలో కట్టించాడని చెప్పుకునే గుడి. ఏడాదిలో రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, పొద్దుటి కిరణాలు వచ్చి స్వామి పాదాల మీద పడతాయి. కంటిజబ్బులవాళ్ళూ చర్మరోగాలవాళ్ళూ అక్కడ మొక్కుకుంటారు. ఇటు టెక్కలి పక్కన రావివలసలో ఎండల మల్లికార్జునస్వామి. ఆ లింగం మీద కప్పు లేదు. లంకాయుద్ధంలో వైద్యం చేసిన సుషేణుడు ఇక్కడి కొండ మీద తపస్సు చేసి దేహం చాలించాడని, ఆ చోటే లింగం వెలిసిందని స్థలపురాణం. గుడి కట్టబోతే స్వామి కలలోకి వచ్చి నేను ఎండలోనే ఉంటానన్నాడట. ఒక వైద్యుడు పోయినచోట దేవుడు వెలిశాడని చెప్పుకునే ఊళ్ళో పుట్టినందుకు నాకు చాలా సంతోషం.

మేం చేసే పరీక్షకీ ఎండే కావాలి. గదిలో బల్బు కింద పాలిపోయిన మచ్చ దొరకదు. మనిషిని వాకిట్లోకి పిలిచి, చొక్కా తీయించి, వీపు వెలుతురుకి తిప్పించి చూడాలి. కళ్ళు మూసుకోమని చెప్పి దూదిపోగుతోనో బాల్‌పెన్ను మొనతోనో మెల్లగా తాకుతాం. తాకినచోట వేలు పెట్టమంటాం. మంచి చర్మం మీద తాకితే వేలు టక్కున అక్కడికే వస్తుంది. మచ్చ మీద తాకితే ఆ మనిషి కళ్ళు మూసుకుని, ఇంకా తాకలేదనుకుని, అలాగే ఎదురుచూస్తూ ఉంటాడు. తర్వాత మోచేతి వెనక నరం ఉబ్బిందేమో వేళ్ళతో తడిమి చూస్తాం. అవసరమైతే చెవితమ్మె మీద చిన్న గాటు పెట్టి రసం తీసి గాజుపలక మీద రాస్తాం.

సాంబుడి కథ మా వైపు హరికథల్లో చాలామంది విన్నదే. శ్రీకృష్ణుడికి జాంబవతి వల్ల పుట్టిన కొడుకు, మహా అందగాడు. నారదుడికి అతని మీద కోపం వచ్చింది. ఏదో నెపం చెప్పి, తండ్రి భార్యలు జలకాలాడే చోటికి అతన్ని పంపించి, వెనకాలే తండ్రిని తీసుకొచ్చి చూపించాడు. కృష్ణుడు మండిపడి కుష్ఠు పట్టాలని శపించాడు. ఆ తరవాత కొడుకు తప్పు లేదని తెలిసింది. ఇచ్చిన శాపం వెనక్కి రాదు, సూర్యుణ్ణి కొలువు అన్నాడు. చంద్రభాగ ఒడ్డున పన్నెండేళ్ళు తపస్సు చేసి సాంబుడు బాగుపడ్డాడు. ఒడిశావాళ్ళు ఆ చోటు కోణార్కే అంటారు. పదమూడో శతాబ్దంలో అక్కడ గుడి కట్టించిన నరసింహదేవుడు, మన ముఖలింగం నుంచి ఏలిన గాంగుల వంశంవాడే.

ఈ కథలో జనానికి గుర్తున్నది ఒక్కటే, దేవుడు శపిస్తే కుష్ఠు వస్తుందని. తప్పు చేయనివాడికి వచ్చిందన్న ముక్క ఎవరి నోటా వినలేదు. కథ చెప్పేవాళ్ళు కూడా దాన్ని గబగబా దాటించేస్తారు. వెయ్యేళ్ళుగా చెప్పుకుంటున్న కథే రోగికి పాపం లేదని చెబుతుంటే, ఆ కథనే పట్టుకుని రోగిని పాపి అంటున్నాం. నా బాధ ఇక్కడే మొదలైంది.

శాస్త్రాల్లో రెండు గొంతులూ ఉన్నాయి. మనుస్మృతి పదకొండో అధ్యాయం ఏ పాపానికి ఏ అవలక్షణమో వరసగా చెబుతుంది. బంగారం దొంగిలించినవాడికి గోళ్ళు పాడవుతాయి, మద్యం తాగినవాడికి పళ్ళు నల్లబడతాయి, బ్రహ్మహత్య చేసినవాడికి క్షయ, గురుపత్నిని చేరినవాడికి చర్మదోషం. సుశ్రుతుడు వైద్యుడు గనక ఇంత తేలిగ్గా తేల్చలేదు. కుష్ఠుకు పాపకర్మనూ ఒక కారణంగా చెప్పాడు, మరుజన్మకూ వెంట వస్తుందన్నాడు. అదే అధ్యాయం చివరికి వచ్చేసరికి కుష్ఠు, జ్వరం, క్షయ, కళ్ళకలక ఒకరి నుంచి ఒకరికి తాకడం వల్ల, ఊపిరి వల్ల, కలిసి తినడం వల్ల, ఒకే పక్క మీద పడుకోవడం వల్ల అంటుతాయని రాశాడు. ఊపిరితో అంటుకునేదానికి పాపంతో ఏం పని? ఆ ముడి ఆయన విప్పలేదు. మన పెద్దలు పాపాన్ని పట్టుకుని ఊపిరిని వదిలేశారు.

1873లో నార్వేలోని బెర్గెన్‌లో హాన్సెన్ అనే వైద్యుడు రోగుల గడ్డల్లోంచి తీసిన రసంలో కడ్డీల్లాంటి సూక్ష్మజీవుల్ని చూశాడు. మైకోబాక్టీరియం లెప్రే అని పేరు. మనిషికి జబ్బు చేసే సూక్ష్మజీవుల్లో మొట్టమొదట కంటపడ్డవాటిలో ఇదొకటి, అయినా ఈనాటికీ దీన్ని గాజుగిన్నెలో పెంచడం ఎవరి వల్లా కాలేదు. పేగుల్లో ఉండే ఇ-కోలై అనువైన చోట 20 నిమిషాలకోసారి రెండవుతుంది. ఇది రెండు కావడానికి 12 నుంచి 14 రోజులు పడుతుంది. 2001లో దీని జన్యువులన్నీ చదివి చూస్తే పనిచేసేవి 1,600 చిల్లర, పాడైపోయి ఊరికే పడి ఉన్నవి 1,100 పైచిలుకు. తన తిండి తాను వండుకునే శక్తి చాలామటుకు పోగొట్టుకుంది, మరొకరి కణం లోపల తప్ప పెరగలేదు. కలరా, ధనుర్వాతం సూక్ష్మజీవుల్లాగా విషం కక్కదు. ఇంత పేద ప్రాణి మనిషి వేళ్ళు పోయేలా, కళ్ళు మూతపడకుండా, ముక్కు కూలిపోయేలా ఎలా చేస్తుంది? శిక్షణ తరగతుల్లో ఈ సంగతి మొదటిసారి విన్నప్పటినుంచీ నన్ను వదల్లేదు.

ఒంట్లోకి ఎక్కువగా ముక్కు గుండా, ఊపిరితో వస్తుందంటారు. మన రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు తిరుగుతుంటాయి. పరాయిది కనిపిస్తే దాని మీద అంటుకుని, మింగాల్సింది ఇదే అని భక్షక కణాలకు గుర్తు పెడతాయి. చాలా సూక్ష్మజీవులు ఆ గుర్తు తమ మీద పడకుండా చూసుకుంటాయి. ఇది మాత్రం ఆ గుర్తు కావాలనే వేయించుకుంటుంది. దీని ఒంటి మీది మైనపు పొరలో కొవ్వూ చక్కెరా కలిసిన పదార్థం ఒకటుంది, ఫినాలిక్ గ్లైకోలిపిడ్ అంటారు. కాంప్లిమెంట్ దానికి అంటుకుంటుంది, భక్షక కణం ఆ గుర్తు చూసి మింగుతుంది. ఈ దారిన మింగినప్పుడు ఆ కణం రెచ్చిపోదు, మామూలుగా పుట్టించే ఆక్సిజన్ విషాలు అంతగా పుట్టవు. లోపలికి పోయాక జీర్ణరసాల సంచులు వచ్చి దీన్ని చుట్టుముట్టాలి, వాటినీ కలవనివ్వదు. పెళ్ళింట్లో మగపెళ్ళివారు ఆడపెళ్ళివారి చుట్టమనీ, ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి చుట్టమనీ అనుకుని ఊరూపేరూ తెలియనివాడికి విస్తరి వేసి వడ్డించినట్టే. చంపవలసిన కణమే దీనికి ఇల్లవుతుంది. ఆ కణాన్ని కొవ్వుతో నింపేసి ఆ కొవ్వు మీదే బతుకుతుంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే అలాంటి కణాలు నురగ పట్టినట్టు కనిపిస్తాయి.

ఇక నరాలు. నరం పోగుల్ని ష్వాన్ కణాలు పొదివి పట్టుకుని ఉంటాయి. వాటి మీద లామినిన్ అనే ప్రోటీన్ పొర ఉంటుంది. ఇందాక చెప్పిన కొవ్వుచక్కెర నరాల దగ్గరి లామినిన్‌కి సరిగ్గా అతుకుతుంది. ష్వాన్ కణాలు మోసేవే గాని కొట్టేవి కావు, భక్షక కణాలకున్న ఆయుధాలు వాటికి లేవు. అక్కడ ఇది ఏళ్ళతరబడి దాక్కుంటుంది. ఊపిరితో లోపలికి పోయిన రోజు నుంచి మచ్చ కనిపించే రోజు దాకా సగటున అయిదేళ్ళు, ఒక్కోసారి ఇరవై ఏళ్ళు కూడా పట్టవచ్చు. ఒంట్లో కాస్త చల్లగా ఉండే చోట్లు దీనికి అనుకూలం. చెవితమ్మెలు, ముక్కు, చర్మానికి దగ్గరగా పోయే చేతి నరాలు, కాలి నరాలు అందుకే ముందు చెడతాయి.

అక్కణ్ణించి జబ్బు ఏ రూపం ఎత్తుతుందో ఆ మనిషి ఒంటిని బట్టి ఉంటుంది. కొందరి ఒళ్ళు దీన్ని అసలు పట్టించుకోదు. క్షయ సూక్ష్మజీవి వస్తే కొట్టగలిగిన ఒళ్ళే దీన్ని చూస్తే ఊరుకుంటుంది. ఎందుకలా దీని ఒక్కదాని విషయంలోనే ఊరుకుంటుందో ఇంకా పూర్తిగా తేలలేదు. అలాంటి మనిషి చర్మం గ్రాములో కోట్లాది సూక్ష్మజీవులుంటాయి. చెవులు దళసరిగా, కనుబొమలు రాలిపోయి, ముఖం గడ్డలుగా తేలుతుంది. నరాలు మెల్లగా, ఏళ్ళమీద పోతాయి. మరికొందరి ఒళ్ళు దీన్ని గుర్తుపట్టి గట్టిగా ఎదుర్కొంటుంది. వాళ్ళ గాజుపలక మీద వెతికినా ఒక్క సూక్ష్మజీవి దొరకదు. ఒకటో రెండో మచ్చలు, అంతే. అయితే ఆ పోరాటం జరిగేది నరం లోపల. వచ్చి చేరిన కణాలన్నీ నరాన్ని నలిపేస్తాయి, చెయ్యి కొన్ని వారాల్లోనే వంకరపోతుంది. ఊరుకున్న ఒంట్లోనూ నరం పోయింది, తిరగబడ్డ ఒంట్లోనూ నరం పోయింది.

ఓర్చుకునేవాణ్ణి సాధువంటాం, దుష్టుణ్ణి దండించేవాణ్ణి వీరుడంటాం. మన ధర్మంలో రెండింటికీ చోటుంది. ఇక్కడ ఒళ్ళు ఓర్చుకున్నా ఫలితం అదే, దండించినా ఫలితం అదే. ఏ గుణానికి శిక్ష ఇది? ఒంట్లో జరిగేదాన్ని నీతి లెక్కలో చదవబోతే ఆ లెక్క మొదటి మెట్టు మీదే చెడిపోతుంది. పురాణాన్ని కాదనడానికి నేనీ మాట అనడం లేదు. పురాణాన్ని నమ్మేవాడిగానే అంటున్నాను.

పలాస కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే పనిలో ఉన్న ఒకామెను నేను చాలాకాలం చూశాను. ఉద్దానం ఊరి మనిషి. పిక్క పెంకులో ఉండే నూనె చర్మం మీద పడితే కాలుతుంది, బొబ్బలెక్కుతుంది. అందుకే కొట్టేవాళ్ళు చేతులకు బూడిదో ఆముదమో రాసుకుంటారు. ఆమె చిటికెనవేలు, ఉంగరపువేలు ఎప్పుడూ పుళ్ళే. మిగతావాళ్ళు మంటకి చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళు, ఆమెకి మంట తెలియదు. "నొప్పి నేదు గదా బావూ, నానేటి సేసేది" అనేది. మొదట్లో అది అదృష్టమనే అనుకుందట. పక్కవాళ్ళకన్నా ఎక్కువ పిక్కలు కొట్టేది.

కుష్ఠు వేళ్ళను కుళ్ళబెట్టి రాల్చేస్తుందని జనం అనుకుంటారు. వెల్లూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ అది కాదని చూపించాడు. వేళ్ళు పోయేది దెబ్బల వల్ల, కాలిన గాయాల వల్ల, పుండులో చీము పట్టి ఎముక అరగడం వల్ల. నొప్పి ఉంటే మనిషి ఆ వేలిని కాపాడుకునేవాడు. నొప్పి పోవడంతో వేలికి కాపలా పోయింది. నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ళ పాదాలు పగిలి, ఆ పగుళ్ళలో ఉప్పునీరు దిగితే కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. అరికాలి నరం పోయినవాడు ఆ నీళ్ళలోనే పొద్దంతా నిలబడి, సాయంత్రం గట్టెక్కాక రక్తం చూసి తెలుసుకుంటాడు.

ఇన్నేళ్ళూ ఇలాంటి చేతుల్ని పట్టుకుని చూసినవాడిగా నాకొక సంగతి తెలిసింది. స్పర్శ పోయినవాళ్ళు ఆ చేతిని "నా చెయ్యి" అనడం తగ్గించేస్తారు. "ఈ చెయ్యి పని సెయ్యదు", "దీన్నెక్కడ పెట్టుకోను" అంటారు. సంచి గురించో కర్ర గురించో మాట్లాడుతున్నట్టుంటుంది. మన వేదాంతం నేను ఈ దేహాన్ని కాను అని చెబుతుంది. చిన్నప్పటినుంచీ భజనల్లో, ప్రవచనాల్లో విన్నాను, నమ్మాను కూడా. కాని దేహం నాది కాదన్న భావం నరం చచ్చిపోయి వస్తే ఆ మనిషికి వైరాగ్యం రాదు, పుండొస్తుంది. మన ఋషులు వదులుకోమన్న దేహం, ముందు వాళ్ళు పూర్తిగా ఎరిగిన దేహం. ఆకలీ దప్పీ వేడీ చలీ అన్నీ తెలిసి, వాటిని దాటారు. తెలియకపోవడాన్ని దాటడమని పొరబడకూడదు. నొప్పి గురించి ఎవరైనా దేవుడి మీద ఫిర్యాదు చేస్తే నాకు ఆ జీడిపిక్కల చెయ్యే కళ్ళముందు కనిపిస్తుంది. నొప్పిని నేను దేవుడి దయల్లో ఒకటిగా లెక్కపెడతాను, ఈ మాట ఎవరితోనైనా వాదించి నిలబెట్టుకుంటాను.

మందు గురించీ చెప్పాలి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందుల్ని కలిపి ఇమ్మంది. రిఫాంపిసిన్ నెలకోసారి, ఆరోగ్య కార్యకర్త కళ్ళెదుట మింగాలి. డాప్సోన్ రోజూ. ముదిరిన జబ్బుకి అప్పట్లో క్లోఫజిమిన్ కూడా. తక్కువ మచ్చలున్నవాళ్ళకి ఆరు నెలలు, ఎక్కువ ఉన్నవాళ్ళకి ఇప్పుడు ఏడాది. మొదలుపెట్టిన కొద్దిరోజుల్లోనే ఇతరులకి అంటించే శక్తి పోతుంది. క్లోఫజిమిన్‌తో ఒళ్ళు నల్లబడేది. రోగం నయమవుతున్నకొద్దీ రంగు మారేసరికి ఊళ్ళో గుసగుసలు పెరిగేవి. ఆడపిల్లలైతే ఆ నలుపుకి భయపడి మాత్రలు ఆపేయాలని చూసేవాళ్ళు.

జీడిపిక్కల ఆమెకి మందు మొదలుపెట్టిన కొన్ని నెలలకి రియాక్షన్ వచ్చింది. మచ్చలు ఎర్రగా పొంగాయి, మోచేతి నరం తాడులా ఉబ్బి తాకనివ్వలేదు, జ్వరం. ఊళ్ళో అందరూ దేవుడు మందుని ఒప్పుకోలేదన్నారు. అసలు జరిగింది మరొకటి. లోపల సూక్ష్మజీవులు చచ్చిపోతున్నాయి, వాటి తునకలు బయటపడ్డాయి. అప్పటిదాకా గుర్తుపట్టని ఒళ్ళు అప్పుడు గుర్తుపట్టింది, ఒక్కసారిగా విరుచుకుపడింది. చచ్చినవాటి మీద ఆ పోరు. ఒక్కోసారి మందుల కోర్సు అయిపోయిన ఏళ్ళ తర్వాత కూడా ఇలా వస్తుంది, ఒంట్లో ఒక్కటీ ప్రాణంతో ఉండదు. అప్పుడు మేమిచ్చే ప్రెడ్నిసలోన్ ఆ సూక్ష్మజీవిని ఏమీ చేయదు, ఒంటి కోపాన్ని తగ్గిస్తుంది. అరిషడ్వర్గంలో క్రోధాన్ని ఎందుకు లోపలి శత్రువన్నారో నాకు పుస్తకాల్లో కన్నా ఆ నరం దగ్గర బాగా అర్థమైంది. ఆమెకి ప్రెడ్నిసలోన్‌తో నరం కొంత నిలబడింది. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి.

ఇప్పుడు కర్మ. నేను కర్మను నమ్మనని ఎవరైనా అనుకుంటే అది సరికాదు. నమ్ముతాను. అయితే ఆ సిద్ధాంతం దేనికోసం పుట్టిందో చూడాలి. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఒక ఆక్షేపణ వస్తుంది: లోకంలో ఒకరికి సుఖం, ఒకరికి దుఃఖం ఉంది కాబట్టి దేవుడు పక్షపాతి, దయలేనివాడు కావాలి గదా అని. శంకరులు అక్కడ వానను చూపిస్తారు. వాన అన్ని గింజల మీదా ఒకేలా కురుస్తుంది, వరి వరిగా, యవలు యవలుగా మొలిచేది గింజల్ని బట్టి. అలాగే ఈశ్వరుడు అందరికీ సమానం, తేడా ప్రాణుల కర్మల్ని బట్టి అంటారు. దేవుడి మీద క్రూరుడన్న నింద పడకుండా చెప్పిన జవాబు అది. ఫలానా మనిషి మచ్చ చూసి ఫలానా పాపమని పక్కింటివాడు తేల్చడానికి అందులో చోటు లేదు. దేవుణ్ణి నింద నుంచి కాపాడే మాటను తీసుకెళ్ళి రోగిని నిందించడానికి వాడుకున్నాం. వాన సమానంగానే కురుస్తుందని ఒప్పుకున్నవాడు తను తాగే చెంబుతోనే రోగికి నీళ్ళెందుకు ఇవ్వడు?

వంశధార ఒడ్డున, కళింగపట్నం దగ్గర శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి. ఆ బౌద్ధులు కూడా ఈ ప్రశ్నతో తంటాలు పడ్డారు. వినయపిటకం ప్రకారం కుష్ఠు ఉన్నవాడికి సన్యాసం ఇవ్వకూడదు. అదే త్రిపిటకంలో సుప్పబుద్ధుడనే కుష్ఠురోగి కథ ఉంది. రాజగృహంలో జనం గుమిగూడి ఉంటే అన్నం పెడుతున్నారనుకుని వచ్చాడు, బుద్ధుడి బోధ విన్నాడు. అంత గుంపులోనూ ధర్మం అర్థం చేసుకోగలవాడు ఇతనేనని బుద్ధుడు గుర్తించి అతనికి బోధించాడు. కథ చివర మళ్ళీ వెనకటి జన్మలో ఒక ప్రత్యేకబుద్ధుడి మీద, అంటే గురువు లేకుండా తానే జ్ఞానం పొందినవాడి మీద, ఉమ్మేశాడు కాబట్టి ఈ రోగమని వస్తుంది. ఆ చివరి ముక్క నాకు నచ్చదు. నాకు నచ్చేది సీవకుడనే పరివ్రాజకుడితో బుద్ధుడు మాట్లాడిన సూత్రం. మనిషి అనుభవించే ప్రతిదీ పూర్వకర్మ ఫలమేనా అని అతడు అడిగితే, పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, రుతువు మారడం వల్ల, దెబ్బ తగలడం వల్ల కూడా బాధలొస్తాయి, కర్మ వాటిలో ఒకటి, అంతా కర్మేననేవాళ్ళు హద్దు దాటి మాట్లాడుతున్నారు అన్నాడు. ఆ హద్దు మనకి చాలా అవసరం.

ఇక్కడ చదువుకున్నవాళ్ళు ఒక మాట అడ్డేస్తారు. నూటికి 95 మంది ఒళ్ళు ఈ సూక్ష్మజీవిని తనంతట తానే వదిలించుకుంటుంది. మిగిలిన కొద్దిమందికే జబ్బు. ఆ తేడాలో కొంత పుట్టుకతో వచ్చిన జన్యువుల వల్ల అని పరిశోధనల్లో తేలింది. అయితే అది ప్రారబ్ధమే కదా అంటారు. కావచ్చు. పుట్టుకతో వచ్చిందన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కాని ఊళ్ళో అందరూ పీల్చిన గాలినే జీడిపిక్కల ఆమె పీల్చింది. జన్యువుల్లో ఏదో చిన్న తేడా వల్ల కాబోలు, ఆమె ఒళ్ళు ఆ అతిథిని చుట్టమనుకుంది. ఇరుకు ఇల్లు, చాలని తిండి దానికి తోడయ్యాయి. అది ప్రారబ్ధమైతే దానికి మనం పెట్టవలసిన పేరు కష్టం. నేరమని పేరు పెట్టే అధికారం మనకి ఎవరూ ఇవ్వలేదు. కర్మ గురించి మాట్లాడే హక్కు ఎవరికి వారికి, తమ ఒంటి గురించి మాత్రమే ఉంది. ఎదుటివాళ్ళ ఒంటి మీద దాన్ని చదవబోతే అది శాస్త్రం కాదు, శాపం.

ఆమె ఊరున్న ఉద్దానంలో జనాన్ని పట్టిన కిడ్నీ జబ్బుకి ఇప్పటిదాకా కారణం తేలలేదు. కొబ్బరితోటల్లో, జీడితోటల్లో కష్టపడే, ఏ తప్పూ ఎరగని మనుషులు డయాలసిస్ కోసం పలాస వెళ్తున్నారు. 2023 డిసెంబరులో అక్కడ కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. కారణం తెలియనిచోట పాపం అన్న మాట ఎంత త్వరగా వచ్చి కూర్చుంటుందో అక్కడా చూస్తున్నాను. కుష్ఠుకి కారణం తెలిసి నూటయాభై ఏళ్ళు దాటింది, అయినా ఆ మాట లేవలేదు.

చట్టాలు మెల్లగా కదిలాయి. కుష్ఠురోగుల్ని బంధించి ఉంచడానికి 1898లో తెల్లవాళ్ళు చేసిన చట్టాన్ని 2016లో రద్దు చేశారు. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వెసులుబాటును 2019లో తీసేశారు. 2005 చివరికి దేశంలో కుష్ఠు పదివేలమందికి ఒకరి కన్నా తగ్గిందని ప్రకటించారు, కాని ఇప్పటికీ ఏటా లక్ష దాకా కొత్త కేసులు వస్తున్నాయి. ప్రపంచంలో సగానికి పైగా మన దగ్గరే. పోయిందనుకుని వెతకడం తగ్గించిన జబ్బు ఇది. దాక్కోవడమే దాని విద్య అని తెలిసీ తగ్గించాం.

జీడిపిక్కల ఆమెను రోగం బయటపడగానే ఇంట్లోవాళ్ళు తోటలో గుడిసె వేసి అక్కడ పెట్టారు. కంచం, చెంబు వేరు. కోర్సు పూర్తయి, నయమైందని కాగితం రాసిచ్చాక కూడా వంటింట్లోకి రానివ్వలేదు. ఆ రోజుల్లో ఒకసారి ఆమె మళ్ళీ అడిగింది, ఏటి పాపం సేసినానని. అప్పుడు సూక్ష్మజీవి సంగతి చెప్పలేదు. గుడిసె ముందు కూర్చుని సాంబుడి కథ మొదటినుంచి చివరిదాకా చెప్పాను, నారదుడి మోసంతో సహా, సాంబుడి తప్పేమీ లేదని తండ్రికి తెలిసిన ఘట్టంతో సహా. పన్నెండేళ్ళ తపస్సు, ఒళ్ళు బాగుపడటం అన్నీ చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

అంతా విని, "ఆ గుంటడు పన్నెండేళ్ళు తపస్సు సేసినాడు. బాగుంది. మరి తప్పు నేదని తెలిసినాక, శపించిన ఆ తండ్రి ఏటి సేసినాడు బావూ?" అంది.

నేను విన్న కథల్లో దానికి జవాబు లేదు. కృష్ణుడు కొడుకుని ఆశీర్వదించాడని, దారి చూపించాడని ఉంది. తాను ఏ వ్రతం పట్టాడో, ఏ ఏరు దాటాడో, కొడుకు తపస్సు చేసిన అన్నేళ్ళూ ఏం తిన్నాడో ఎవరూ చెప్పలేదు. శాపం పడ్డవాడికి ప్రాయశ్చిత్తం చెప్పిన సంప్రదాయం శపించినవాడికి కూడా ఏదో చెప్పే ఉండాలి. టెక్కలిలో మా వీధిలో పురాణం చెప్పే శాస్త్రిగారి దగ్గరికి ఆమె ప్రశ్నను తీసుకెళ్ళాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అడగవలసిన ప్రశ్నే అండి, పుస్తకాలు చూసి చెబుతాను" అన్నారు. కనిపించినప్పుడల్లా గుర్తుచేస్తున్నాను. చూస్తున్నానంటున్నారు. ఈలోగా వచ్చే కార్తీకంలో రావివలస మండపంలో సాంబుడి కథ చెప్పేటప్పుడు అతను నిరపరాధి అన్న ఘట్టాన్ని నెమ్మదిగా, అందరికీ వినపడేలా చెప్పడానికి మాత్రం ఒప్పుకున్నారు.